గోడ మూయకముందే

మా సిర్గాపూర్‌లో ఇల్లు కట్టించుకునే గల్ఫ్ కుటుంబాల ఒప్పంద కాగితాలు నేను చాలా చూశాను. స్టాంపు పేపరు మీద సిమెంటు కంపెనీ పేరు ఉంటుంది. ఏ పిల్లరుకు ఏ సైజు స్టీలో ఉంటుంది. దర్వాజలు టేకువా వేపవా, కింద గ్రానైటా టైల్సా, అన్నీ ఉంటాయి. బాత్రూము దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటే మాట: "శానిటరీ సామాను మంచి కంపెనీది." ఏ కంపెనీ, ఏ మోడలు, ఎంతలో, ఎవరు ఎంచుకుంటారు, ఏదీ ఉండదు. ఇల్లంతటిలో రోజూ ఒంటికి తగిలేది ఆ సామానే. ముసలితనంలో పట్టుకొని లేచేది, అర్ధరాత్రి నిద్రమత్తులో చెయ్యి చాచి వెతుక్కునేది అదే. దాన్ని ఒక్క మాటతో వదిలేయడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

నేను దుబాయ్‌లో ఒక ఎంఈపీ కంపెనీ స్టోరులో పనిచేస్తాను. బిల్డింగులకు కరెంటు, నీళ్లు, ఏసీ పనులు చేసే కంపెనీ అది. అక్కడ నల్లా సైటుకు రావాలంటే ముందు దాని శాంపిల్ కన్సల్టెంటు బల్ల మీదికి వెళ్లాలి. దాని కాగితాలు చదివి ఆయన సంతకం పెట్టాలి. తర్వాత ఒకే ఒక్క బాత్రూమును పూర్తిగా కట్టి చూపిస్తారు. మాకప్ అంటారు దాన్ని. కమోడు గోడకు ఎంత దూరం, మిక్సరు నేలకు ఎంత ఎత్తు, తలుపు తెరిస్తే దేనికి తగులుతుంది, అన్నీ అందులో తేలాకే మిగతా అంతస్తుల్లో పైపు వేస్తారు. పైపు వేశాక, గోడ మూయకముందు, మామూలుగా నడిచే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు నీళ్లు ఎక్కించి గంటల తరబడి ఉంచుతారు. గేజి ముల్లు కదలలేదని రాసుకున్న తర్వాతే సిమెంటు.

ఊళ్లో ఈ వరస తలకిందులుగా నడుస్తుంది. పైపులు పడతాయి, గోడ మూస్తారు, టైల్స్ అంటిస్తారు, గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడ్డాక ఎవరో ఒకరు ఆటో కట్టుకొని నారాయణఖేడ్‌కు పోయి కమోడు, నల్లాలు తెస్తారు. అప్పటికే గోడలో ఉన్న రంధ్రాలకు ఏది సరిపోతే అది ఇంట్లోకి వస్తుంది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సిర్గాపూర్ మండల కేంద్రమైంది. అప్పటి నుంచి స్లాబు ఇళ్లు చాలా లేచాయి. వాటిలో చాలావాటికి దుబాయ్, మస్కట్, దోహా నుంచి వచ్చిన డబ్బే ఆధారం. ఎడారిలో ఎండకు నిలబడి పంపిన డబ్బు అది. దానితో కట్టిన బాత్రూములో తల్లి జారిపడకూడదు.

మా ఇల్లు మొదలైనప్పుడు నేను ఒకే షరతు పెట్టాను. బాత్రూము సామాను మేమే కొంటాం, బిగించే పని మీది. కాంట్రాక్టరు మర్యాదస్తుడే. పేరు చెప్పను గానీ పనిమంతుడు. ఆయనకు ఈ మాట నచ్చలేదు.

"అన్నా, నువ్వు దుబాయ్ల ఉండి ఏం కొంటవే? నాకు షాపోడు డిస్కౌంట్ ఇస్తడు. మీరు తెచ్చేది లేటైతే నా మనుషులు ఖాళీగ కూసుంటరు. రేపు లీకైతే నువ్వు నన్నంటవ్, నేను నీ సామాను అంట. ఎందుకు పంచాది?"

ఆయన చెప్పిన వాటిలో రెండు నిజాలు ఉన్నాయి. సామాను ఆలస్యమైతే నష్టపోయేది కూలివాళ్లే. బాధ్యత ఎవరిదో ముందే తేల్చకపోతే చివర్లో తగాదా తప్పదు. డిస్కౌంట్ సంగతి మాత్రం వేరు. శానిటరీ దుకాణాల్లో పెట్టె మీది ధర ఎవరూ ఇచ్చేది కాదు. కాంట్రాక్టరుకు ఒక రేటు, ప్లంబరుకు ఒక రేటు, బేరమాడేవాడికి ఒక రేటు. ప్లంబర్లకు పాయింట్లు ఇచ్చే పథకాలు కంపెనీలే నడుపుతాయి. ఇందులో మోసం ఉందని నేను అనను, అది వాళ్ల వ్యాపారం నడిచే తీరు. కానీ ఆ తగ్గింపు ఎవరి జేబులోకి వెళ్తుందో ఇంటివాడికి తెలియాలి. మోడల్ నంబర్లు రాసిన ఒకే లిస్టు పట్టుకొని మూడు దుకాణాల్లో అడిగితే ఆ లెక్క ఎవరికైనా తెలిసిపోతుంది. మోడల్ నంబరు లేకుండా అడిగే ధర దేనికీ పనికిరాదు.

అందుకే ఒప్పందంలో ఆ ఒక్క మాట కొట్టేసి అరపేజీ రాయించాను. సామాను విలువ మొత్తంలోంచి ఎంత తీసేయాలి. ఏ వస్తువు ఏ తేదీలోపు సైటులో ఉండాలి. దింపేటప్పుడు పగిలితే ఎవరిది, బిగించేటప్పుడు పగిలితే ఎవరిది. పైపుకు నల్లాకు మధ్య అతుకులో నీళ్లు కారితే బిగించినవాళ్లు చూడాలి, నల్లా లోపలి నుంచి కారితే మేము కంపెనీకి ఫోన్ చేసుకోవాలి. బిల్లు మా చెల్లె పేరు మీద. నీళ్లు కారితే ఎవరు చూడాలన్న వాక్యం చదివాక కాంట్రాక్టరు మొహంలో బిగువు తగ్గింది. ఆయన భయం అంతా ఆ సంగతి గురించే.

ఇక ఏది కొనాలన్న దగ్గర నాకు ఒకటే నియమం. ఇంట్లో ఉండేది మా అవ్వ, చెల్లె, దాని పిల్లలు. నేను సెలవుల మీద వచ్చిపోయేవాణ్ణి. దూరాన ఉన్నవాడి ముచ్చట్లకు అక్కడ చోటు ఉండకూడదు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు చాలామంది తాము టవర్లలో చూసిన బాత్రూమునే ఊళ్లో దింపాలనుకుంటారు. ఆ కోరిక నాకు తెలుసు, దాన్ని నేను చులకన చేయను. ఏళ్ల తరబడి క్యాంపులో వరసలో నిలబడి స్నానం చేసినవాడికి సొంత ఇంట్లో అద్దాల గది కావాలనిపించడం న్యాయమే. కానీ దాని కింద నడిచే నీళ్లు వేరు.

దుబాయ్‌లో నల్లాలో వచ్చేది సముద్రపు నీరు. జెబెల్ అలీలో ఉప్పు తీసి పంపుతారు. అందులో సున్నం చాలా తక్కువ. మా బోరు నీళ్లు బకెట్‌లో పోసి ఉంచితే అంచు చుట్టూ తెల్లటి గీత పడుతుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఇలాంటి బోరు నీళ్లు సన్నటి రంధ్రాలున్న షవరును కొన్నాళ్లకే మూసేస్తాయి. నల్లా లోపల పావు తిప్పుతో తెరుచుకునే పింగాణీ బిళ్లల మధ్య ఆ సున్నం, ఇసుక చేరితే చుక్క చుక్క కారడం మొదలవుతుంది. మిషన్ భగీరథ పథకం నీళ్లు వచ్చాక తాగడానికి ఇబ్బంది తగ్గింది.  అయినా ట్యాంకు నిండేది ఎక్కువగా బోరుతోనే. అందుకని బొటనవేలితో రుద్దితే సున్నం రాలిపోయే రబ్బరు ముక్కుల షవరు చూశాం, బోరు పైపు ట్యాంకులోకి వచ్చేచోట జల్లెడ ఫిల్టరు పెట్టించాం.

ఒత్తిడి సంగతి ఇంకా ముఖ్యం. నీటి మట్టం పది మీటర్ల ఎత్తున ఉంటే కింద ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మా స్లాబు పది పదకొండు అడుగుల ఎత్తు. దాని మీద ట్యాంకు పెడితే అందులోని నీళ్లు షవరు కంటే ఆరేడు అడుగులే పైన ఉంటాయి. అంటే 0.2 బార్. పళ్లెమంత వెడల్పున ఉండే రెయిన్ షవర్లు, గోడలో దాచి బిగించే సింగిల్ లీవర్ డైవర్టర్లు చాలావాటికి ఒక బార్ దాకా కావాలి. ఆ సంగతి అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, షాపులో ఎవరూ చదివి వినిపించరు. టవర్లలో దాన్ని బూస్టరు పంపులు తోస్తాయి. ఊళ్లో కరెంటు పోతే పంపు ఆగుతుంది. కాంట్రాక్టరు చూపించిన పెద్ద షవరును నేను అందుకే వద్దన్నాను. ఆ డబ్బుతో ట్యాంకు కింద ఇటుక దిమ్మె కట్టి నాలుగడుగులు పైకి లేపించాను. షవరు చిన్నదే, కానీ నీళ్లు తల మీద ధారగా పడతాయి.

డల్లాస్‌లో ఉండే మా మేనబావ ప్రేమతో అక్కడి నుంచి ఒక సెట్టు పంపిస్తానన్నాడు. ఆయనకు నేను రెండు విషయాలు చెప్పాను. అమెరికా ఇళ్లలో నీటి ఒత్తిడి మామూలుగా మూడు నుంచి ఐదు బార్ల దాకా ఉంటుంది. 1992లో వచ్చిన ఇంధన చట్టం వల్ల అక్కడి షవర్లు నిమిషానికి 9.5 లీటర్లకు మించి వదలకుండా లోపలే అడ్డుకట్టతో వస్తాయి. మా ట్యాంకు కింద దాన్ని పెడితే నీళ్లు కారినట్టు ఉంటుంది. రెండోది మర. అక్కడ ఎన్‌పీటీ, మన దగ్గరా దుబాయ్‌లోనూ బీఎస్‌పీ. అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి పద్నాలుగు చుట్లే, అందుకే మొదట పట్టినట్టే పడుతుంది. కానీ ఒకదాని చుట్టు కోణం 60 డిగ్రీలు, ఇంకోదానిది 55. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా ఆ తేడా పూడదు. గోడలో మూసిన అతుకు అలా చెమ్మగిల్లితే బయటపడేది పెయింటు ఉబ్బినప్పుడే. బావ అర్థం చేసుకొని ఆ డబ్బు మా చెల్లె పిల్లల ఫీజుకు పంపాడు.

కొనడానికి అవ్వను తీసుకొని చెల్లె సంగారెడ్డి పోయింది. ఫోటోలు చూసి ఎంచుకోవద్దని, అవ్వ లేకుండా పోవద్దని నేను గట్టిగా చెప్పాను. వీడియో కాల్‌లో నేనూ ఉన్నాను. దుకాణంలో వరసగా పెట్టిన కమోడ్లలో అవ్వ ఒక్కొక్కదాని మీదా మూత వేయించుకొని కూర్చుంది, లేచింది. మొదట్లో సిగ్గుపడింది. షాపు పిల్లగాడే కుర్చీ జరిపి, "కూసో అవ్వా, ఏం గాదు" అని ధైర్యం చెప్పాడు. మామూలు కమోడు నేల నుంచి సుమారు నలభై సెంటీమీటర్లు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నలభై మూడు నుంచి పైన ఉన్నవి నయం. సంఖ్యలు నేను చెప్పగలను. ఏ ఎత్తు నుంచి చెయ్యి ఆనకుండా లేవగలదో చెప్పాల్సింది అవ్వ మోకాళ్లు. నాలుగో దాని మీది నుంచి లేచి, "గిది మంచిగున్నది కొడుకా" అంది. రంగు, ఆకారం చెల్లెకు నచ్చలేదు. అయినా అదే తీసుకున్నాం.

నల్లాలకు అవ్వ పెట్టిన పరీక్ష నాకు దుబాయ్‌లో ఏ కన్సల్టెంటు దగ్గరా కనబడలేదు. సబ్బు కావాలంది. చేతులు తడిపి, సబ్బు రుద్దుకొని, ఒక్కో నల్లా తిప్పింది. గుండ్రటి పిడి ఉన్నవి చేతిలో జారిపోయాయి. పొడుగు పిడి ఉన్నవి మణికట్టుతో నెట్టినా తిరిగాయి. గుండ్రటివన్నీ పక్కన పెట్టించింది. ఇంకొకటి అడిగింది: బకెట్ పట్టేంత ఎత్తులో కింద వేరే నల్లా. షవరు ఉన్నా ఆమె పీట మీద కూర్చొని చెంబుతోనే పోసుకుంటుంది. పాత ఇంటి పెరట్లో షాబాద్ బండ మీద కాగు పక్కన కూర్చొని చేసిన స్నానమే ఆమెకు స్నానం. కొత్త బాత్రూములో ఆ పీటకు, బకెట్‌కు, మోకాళ్లు చాపుకోవడానికి చోటు ఉండేలా వాష్ బేసిన్‌ను మూలకు జరిపాం. ఈ మార్పు కాగితం మీద చేసినదే గనక ఖర్చు లేకుండా అయింది. టైల్స్ పడ్డాక అయితే గోడ పగలగొట్టాలి.

మంచి కంపెనీ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి. పింగాణీ సామాను గుజరాత్‌లో మోర్బీ, థాన్‌గఢ్ చుట్టూ ఉన్న కార్ఖానాల నుంచి దేశమంతా వెళ్తుంది. మనకు దగ్గర్లో బీబీనగర్‌లోనూ ఒక పెద్ద కంపెనీ కార్ఖానా ఉంది. పేరు కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పింగాణీ మీద ఐఎస్ 2556 గుర్తు ఉందా. వేలితో తట్టితే ఖంగుమని మోగుతుందా. కంటికి కనబడని పగులు ఉంటే ఆ మోత రాదు. నల్లా చేతిలో పట్టుకుంటే బరువుగా ఉందా. ఇత్తడి బరువు, జింకు మిశ్రమం తేలిక, పైన మెరుపు రెండింటికీ ఒకటే. అన్నింటికంటే పెద్ద ప్రశ్న, పింగాణీ బిళ్లలుండే లోపలి కాట్రిడ్జ్ ఖేడ్‌లో దొరుకుతుందా. దొరకదంటే ఎంత పేరున్నదైనా మేము వద్దనుకున్నాం. గోడలో దాచే ఫ్లష్ ట్యాంకును కూడా ఈ ఒక్క కారణంతోనే వదిలేశాం. బయటికి కనిపించే ట్యాంకును ఊరి ప్లంబరు పది నిమిషాల్లో విప్పగలడు.

కొన్న వెంటనే కమోడు పెట్టె విప్పించి, దాని కొలతల కాగితం ఫోటో తీయించి ప్లంబరుకు పంపించాను. అందరూ తప్పేది ఇక్కడే. కిందికి పోయే ఎస్ ట్రాప్ కమోడుకు గోడ నుంచి రంధ్రం మధ్యకు దూరం మోడల్‌ను బట్టి మారుతుంది, కొన్నింటికి తొమ్మిది అంగుళాలు, కొన్నింటికి పన్నెండు. గోడలోకి పోయే పీ ట్రాప్‌కు నేల నుంచి ఎత్తు చూడాలి. ఆ కొలత టైల్ అంటించిన గోడ నుంచి. ప్లంబరు కొలిచేది ఉత్త ఇటుక గోడ నుంచి. ప్లాస్టరు, టైల్, దాని కింది సిమెంటు కలిస్తే అంగుళంన్నర దాకా లోపలికి వస్తుంది. పన్నెండు అనుకున్నది పదిన్నర అవుతుంది, కమోడు వెనక భాగం గోడకు తగిలి, రంధ్రం మీద కూర్చోదు. అప్పుడు వంకర పైపు పెట్టి సిమెంటుతో పూడుస్తారు. ఆ ఇంట్లో వాసన ఎప్పటికీ పోదు.

మా ప్లంబరు మస్కట్‌లో పనిచేసి వచ్చినవాడు. గేజి పెట్టి టెస్టు చేద్దామని నేను అన్నప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, గాడ రోజూ చేసేటోణ్ణి. ఈడ ఎవ్వలు అడగరు, పైసలియ్యరు" అన్నాడు. నాకు ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. గల్ఫ్‌లో వేల బాత్రూముల్లో ఒక్క చుక్క కారకుండా పైపు వేసిన చేతులు మా పల్లెల్లోనే ఉన్నాయి. సొంత ఊళ్లో ఆ పనితనాన్ని అడిగేవాళ్లు లేరు, దానికి ఒక రోజు కూలి అదనంగా ఇచ్చేవాళ్లు లేరు. చేత్తో కొట్టే టెస్టు పంపు ఒకటి అతను ఖేడ్ నుంచి అద్దెకు తెచ్చాడు. సాయంత్రం నీళ్లు ఎక్కించి, గేజిని వీడియో తీసి పంపాడు. పొద్దున చూస్తే ముల్లు కొద్దిగా పడిపోయింది. ఒక ఎల్బో అతుకు సరిగా అంటుకోలేదు. తీసి మళ్లీ వేశాడు, మళ్లీ ఎక్కించాడు. టైల్స్ పడ్డాక అయితే అది తేలడానికి ఏళ్లు పట్టేది.

గోడ మూసేముందు ఇంకో పని ఉంది. కమోడు పక్కన అవ్వ పట్టుకొని లేవడానికి స్టీలు కడ్డీ కావాలి. నేల నుంచి సుమారు ముప్పై మూడు నుంచి ముప్పై ఆరు అంగుళాల ఎత్తు బాగుంటుంది, ఆమె చెయ్యి పెట్టించి చూస్తే ముప్పై మూడు సరిపోయింది. ఆ చోట గోడలో పైపు ఉండకూడదు, ఇటుక గట్టిగా ఉండాలి. సుద్దముక్కతో గీసి, ఫోటో తీసి పెట్టాం. పైపులన్నీ ఎక్కడెక్కడ పోతున్నాయో టేపు ఆనించి తీసిన ఫోటోలు చెల్లె ఫోన్‌లోనూ నా దగ్గరా ఉన్నాయి. రేపు ఎవరైనా మేకు కొట్టాలన్నా అవి చూసే కొట్టాలి. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించాం. లోపల పడిపోయినవాళ్లు తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తెరిచే తలుపు కదలదు. నేలకు నున్నటి టైల్ వద్దని చెల్లె తనే తేల్చి చెప్పింది.

సామాను అంతా ప్లాస్టరింగుకు ముందే మా చిన్నాయన ఇంట్లో మంచాల కింద చేరింది. కాంట్రాక్టరుకు ఆలస్యం భయం పోయింది. కానీ నల్లాలు ముందే బిగిస్తానంటే నేను ఒప్పుకోలేదు. టైల్స్ సందులు నింపాక మేస్త్రీలు నేలను యాసిడ్‌తో కడుగుతారు. ఆ పొగ తగిలితే కొత్త క్రోమియం మెరుపు మీద మచ్చలు పడతాయి, అవి మళ్లీ పోవు. యాసిడ్ కడుగుడు, పెయింటు, రెండూ అయ్యాకే నల్లాల పెట్టెలు తెరిచాం. ప్లంబరు ముందుగా పైపుల్లో నీళ్లు వదిలి ఇసుక, ప్లాస్టిక్ పొట్టు అంతా బయటికి కొట్టేశాడు. తర్వాతే నల్లా బిగించాడు.

ఇల్లు పూర్తయ్యాక కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. పక్క వాడకట్టులో ఇంకో గల్ఫ్ కుటుంబం ఇల్లు మొదలుపెడుతోందట, మేము రాసుకున్న అరపేజీ పంపమన్నాడు. పంపాను. కింద ఒక వాక్యం కొత్తగా చేర్చాను: ప్రెషర్ టెస్టు కూలి ఇంటివాళ్లు విడిగా ఇవ్వాలి, గోడ మూయకముందే. పోయిన ఎండాకాలం కింది నల్లా చుక్కలు కారింది. చెల్లె నన్ను అడగలేదు, ప్లంబరును పిలిచింది. అతను ఖేడ్‌లో కాట్రిడ్జ్ కొనుక్కొచ్చి మార్చాడు. పాతది విప్పి చూస్తే లోపల సున్నమే. ట్యాంకు ఫిల్టరు జల్లెడను నెలకోసారి విప్పి కడగమని అవ్వకు చూపించి పోయాడు. ఆ పని ఇప్పుడు చెల్లె కొడుకు చేస్తున్నాడు.